ఎనభై దగ్గర గొయ్యి

విశాఖపట్నం, వన్ టౌన్
9 అక్టోబరు 1983

బావా జలీలూ,

అడుగు స్వరాలు పలికించే నీ బేస్ పెట్టె రైలు పార్సిల్లో చేరింది. నలుగురు కళాసీలు దాన్ని మేడ మెట్లెక్కించడానికి గంట తీసుకున్నారు. దీన్ని ఇప్పుడు పత్రికల్లో సబ్‌వూఫర్ అంటున్నారు. పేరు ఏదైతేనేం, దున్నపోతంత పెట్టె పంపావు, అది దోమలా మూలుగుతోంది. తీగలు తప్పుగా కలిపి ఉంటానని రాయకు. పోర్టు రేడియో సెక్షన్లో ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి. మూడుసార్లు చూశాను.

ఇది నాకు ఎందుకు కావాలో నీకు తెలుసు. అయినా మళ్ళీ రాస్తాను. ఈ సంగతి మరిచిపోయే హక్కు ఎవరికీ లేదు. నీకు అసలే లేదు, ఆ రోజు మైకు సెట్టు నీదే కనక.

1961 శ్రీరామనవమి పందిరిలో మా అన్నయ్య శ్రీరామ్మూర్తి మృదంగం వాయించాడు. నేను వేదిక పక్కన, ఆయనకు మూడు గజాల దూరంలో ఉన్నాను. ఎడమ చెయ్యి పడ్డప్పుడల్లా ఆ మంద్రం నా రొమ్ములో కదిలింది. ఆ వారం పత్రికలో సింహాద్రిశాస్త్రి ఇలా రాశాడు: "మృదంగ విద్వాంసులు కుడి చెయ్యి మాత్రమే తెచ్చుకున్నారు. ఎడమ చెయ్యి పొలంలో మరిచి వచ్చినట్టున్నారు." మా నాన్న నాగలి పట్టిన సంగతి పట్నంలో అందరికీ తెలుసు. రెండు నెలలు నవ్వుకున్నారు. అన్నయ్యకు 'ఒంటి చెయ్యి' అని పేరు పడింది. ఆ తరవాత ఆయన్ని పిలిచిన సభ లేదు. ఖనిజం రేవులో, ఓడకెక్కే సరుకు లెక్క రాసే టాలీ గుమస్తాగా చేరాడు. ఆ ఎర్ర దుమ్మే ఇప్పుడు ఆయన ఊపిరితిత్తుల్లో ఉంది. వచ్చే వానాకాలం చూడకపోవచ్చని డాక్టరు అన్నాడు.

ఇప్పుడు ఆ పందిట్లో కచేరీ పెట్టిన సభకే యాభై ఏళ్ళు నిండుతున్నాయి. వచ్చే శ్రీరామనవమికి స్వర్ణోత్సవ సంచిక వేస్తున్నారు. అందులో పాత సమీక్షలన్నీ మళ్ళీ అచ్చవుతాయట, ఈ వాక్యంతో సహా. చావబోయేవాడి మీద రెండోసారి ఉమ్మడానికి ఆర్ట్ పేపరు తెప్పించారు. నేను వెళ్ళి దెబ్బలాడాను. కార్యదర్శి తప్పించుకోలేక ఒక మాటిచ్చాడు: శాస్త్రి తన చెవులతో ఆ ఎడమ చెయ్యి విని ఒప్పుకుంటే వాక్యం తీసేస్తారు.

వినిపించడానికి ఒక్క టేపే ఉంది. ఓడ ఇంజనీరు దగ్గర అరువు తెచ్చిన రికార్డరులో ఆ రోజు నువ్వు పట్టింది. దాన్ని నా గదిలో పెట్టాను. కుడి చెయ్యి గంటలా మోగుతోంది. ఎడమ చెయ్యి లేదు. నీ పెట్టెలో ఎక్కడో జిగురు వదిలి ఉంటుంది, లేదా మద్రాసు వెళ్ళాక నీ పనితనం వదిలి ఉంటుంది. ఏది వదిలిందో రాయి.

నీ
గురునాథరావు


మద్రాసు
20 అక్టోబరు 1983

గురునాథం బావకు సలాం.

నీ తిట్లు అందాయి. మా అమ్మాయి మదీనాకు చదివి వినిపిస్తే, "మామయ్య ఆరోగ్యంగానే ఉన్నారన్నమాట" అంది.

పెట్టెను తిట్టేముందు గదిని తిట్టు. నీ గది పొడవు పద్నాలుగు అడుగులని నాకు గుర్తు. సెకనుకు ఎనభై సైకిల్స్ కొట్టుకునే స్వరానికి అల పొడవు కూడా పద్నాలుగు అడుగులే. అన్నయ్య ఎడమ చెయ్యి పలికేది ఆ దరిదాపుల్లోనే. ఆ అల ఎదుటి గోడకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. పోయే అల, వచ్చే అల కొన్నిచోట్ల కలిసి రెట్టింపవుతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. గోడకు మూడున్నర అడుగుల దూరంలో ఆ స్వరం చచ్చిపోతుంది. నీ కుర్చీ వెనక గోడకు మూడున్నర అడుగుల ముందే ఉందని పందెం కాస్తాను.

ఒక క్యాసెట్టు పంపుతున్నాను. అందులో నలభై సైకిల్స్ నుంచి రెండు వందల దాకా స్వరాలు వరసగా, ఒక్కొక్కటి అర నిమిషం పట్టాను. కుర్చీ తీసేసి అక్కడ బేస్ పెట్టె పెట్టు. స్వరం వెయ్యి. నువ్వు మోకాళ్ళ మీద గోడల వెంట పాకు. ఎక్కడ అన్ని స్వరాలూ ఇంచుమించు సమంగా వినిపిస్తాయో అక్కడ సుద్దతో గీత గియ్యి. తరవాత పెట్టె అక్కడికి, కుర్చీ దాని చోటికి. నవ్వకు, పని చేస్తుంది. చెవిని మాత్రం నమ్మకు. చెవికి ఇష్టాయిష్టాలుంటాయి. చప్పుడు కొలిచే మీటరు ఎవరి దగ్గరైనా సంపాదించు.

ఇక నా సంగతి. సభవారు కొత్త హాలు కడుతున్నారు కదా, అందులో శబ్దం పని నాకివ్వాలనుకుంటున్నట్టు రాశారు. నవమి అయ్యాక కాగితం మీద పెడతారట. వస్తే మద్రాసు వదిలేసి వచ్చేస్తాను బావా. పదకొండేళ్ళయింది. ఇక్కడా సముద్రముంది గానీ నాకు దానితో మాటల్లేవు.

ఒక్కటడుగుతాను, కోప్పడకు. ఇదంతా కావాలని అన్నయ్య అడిగాడా?

నీ
జలీల్


విశాఖపట్నం
11 డిసెంబరు 1983

బావా,

పాకాను. అరవై ఎనిమిదేళ్ళకు పాకడం నేర్పిన గురువువి నువ్వు. జోగమ్మ వదిన గుమ్మంలో నిలబడి చూసింది. "ఏటి మరిదీ, ఉంగరం పారేసుకున్నావా?" అంది. చెవికి చిక్కని చప్పుడు వెతుకుతున్నానన్నాను. "మీ అన్న రేతిరంతా దగ్గుతన్నాడు. ఆ సప్పుడు నీ సెవికి సిక్కదు గానీ, నేల మీద సప్పుడు ఎతుకుతన్నావా," అని లోపలికి పోయింది. ఆవిడ నాలుక శాస్త్రి కలం కంటే పదునైంది. కాకపోతే ఆవిడ నిజం చెప్తుంది.

మీటరు దొరికింది. నా మేనల్లుడు అర్జునరావు స్టీలు ప్లాంటు కట్టేచోట పని చేస్తున్నాడు. అక్కడ యంత్రాల చప్పుడు కొలిచేది ఆదివారాలు తెచ్చిస్తున్నాడు. గదంతా అడుగుకొక గీత గీశాను. ప్రతి గీత మీదా మీటరు పెట్టి, ప్రతి స్వరానికీ ముల్లు ఎక్కడ ఆగిందో గ్రాఫు కాగితం మీద ఎక్కించాను. నువ్వన్నట్టే ఎనభై దగ్గర గొయ్యి పడింది. నూట పది దగ్గర గుట్ట. నా కుర్చీ గోడకు మూడడుగుల ఏడంగుళాలు. పందెం నువ్వే గెలిచావు. సంతోషించు.

పెట్టెను తూర్పు గోడ దగ్గరికి మార్చాక గొయ్యి కొంచెం పూడింది, పూర్తిగా కాదు. పైగా ముల్లు ఒకచోట నిలబడదు. హార్బరులో ఖనిజం బెల్టు తిరుగుతున్నంతసేపూ నేల సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఆ వణుకు మీద పడుకుంటున్నానని మీటరు చెప్పేదాకా నాకు తెలియదు.

ఒక్కో స్వరాన్నీ విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజరు కావాలి. గొయ్యి ఉన్నచోట మీట పైకి తోసి పూడ్చేస్తాను.

అన్నయ్య అడిగాడా అన్నావు. అడగలేదు. ఆయన జన్మలో ఏదీ అడగలేదు. అదే ఆయన జబ్బు. శాస్త్రి రాసిన రోజున పత్రిక మడిచి దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. మర్నాడు మృదంగం మీద గుడ్డ కప్పాడు. ఆయన అడగడు కనకనే నేను అడుగుతున్నాను. అప్పుడు నవ్విన సభ పెద్దలు పన్నెండుమంది పేర్లూ నా దగ్గర రాసి ఉన్నాయి. ఏడుగురు పోయారు. ప్రతి ఒక్కరి దినానికీ వెళ్ళి భోంచేసి వచ్చాను. మిగిలిన అయిదుగురూ ఈ కుర్చీలో కూర్చుని వినాలి.

గురునాథరావు


మద్రాసు
8 జనవరి 1984

బావా,

దినాల భోజనాల సంగతి మళ్ళీ రాయకు. చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఈక్వలైజరు మెయిలు గార్డు చేత పంపాను. బజారువి పది మీటలవి, కింది స్వరాలకు సరిపడవు. ఇది నేనే కట్టాను. అడుగు స్వరాలకు మీటలు దగ్గర దగ్గరగా పెట్టాను. కానీ గొయ్యిని మీటతో పూడ్చాలని చూడకు. చిల్లికుండలో నీళ్ళు పోసినట్టు ఎంత పోసినా తాగేస్తుంది. ఆంప్లిఫయరు కాలిపోతుంది, గొయ్యి అలాగే ఉంటుంది. ఆ చోట అలలు చంపుకుంటున్నాయి. నువ్వు ఎక్కువ పోస్తే ఎక్కువ చంపుకుంటాయి. మీట తగ్గించడానికి వాడు. నూట పది దగ్గర గుట్టను తగ్గించు. గొయ్యికి మందొకటే, కుర్చీ జరపడం. వెనక గోడకు ఆనించు. అక్కడ ఎనభై నిండుగా ఉంటుంది.

ఇందులో ఒక నీతి ఉంది గానీ నీకు నీతులు చెప్పే సాహసం నాకు లేదు. ఒకే గదిలో, ఒకే పాట, ఒకడికి ఉంది, నాలుగడుగుల అవతల వాడికి లేదు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

బెల్టు ఆగిన రోజు చూసి కొలువు.

గది సరైపోయాక కూడా టేపులో వినబడకపోతే ఏం చేస్తావు? ఇప్పుడే ఆలోచించి పెట్టుకో.

జలీల్


విశాఖపట్నం
24 మార్చి 1984

బావా,

హార్బరులో సమ్మె. బెల్టు ఆగి వారం దాటింది. వన్ టౌన్‌లో ఇంత నిశ్శబ్దం నేను పుట్టాక వినలేదు. కాకులు కూడా అనుమానంగా అరుస్తున్నాయి. మొన్న మధ్యాహ్నం మీటరు ముల్లు మొదటిసారి అడుక్కి దిగి కదలకుండా నిలబడింది. అర్జునరావు స్వరాలు వేస్తుంటే నేను రాసుకున్నాను. కుర్చీ నువ్వు చెప్పినట్టు గోడకు ఆనించాను. గుట్ట తగ్గించాను. సాయంత్రానికి కాగితం మీద గీత ఇంచుమించు తిన్నగా వచ్చింది. నలభై నుంచి రెండు వందల దాకా చేత్తో తడిమితే చదునుగా తగిలే గీత. నీ చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది. అలవాటు లేక ఊరుకున్నాను.

ముందుగా ఎవరిదో మృదంగం రికార్డు వేశాను, సరి చూడటానికి. ఎడమ చెయ్యి పడగానే కిటికీ ఊచలు పలికాయి. పక్క గదిలోంచి అన్నయ్య గొంతు వినిపించింది. "ఎవల్దిరా ఆ ఎడం సెయ్యి? బాగుంది." ఏడాదిగా సంగీతం గురించి ఆయన నోట వచ్చిన మొదటి మాట. దీని తరవాత నీదే పెడతాను, ఉండు అన్నాను.

మన టేపు పెట్టాను.

లేదు బావా. ఎనభై దగ్గర ఏమీ లేదు. గది సరిగ్గా ఉంది, పెట్టె సరిగ్గా ఉంది, కుర్చీ సరిగ్గా ఉంది. కుడి చెయ్యి ఒక్కటే, ఒంటరిగా, అనాథలా మోగుతోంది. మీట పైకి తోశాను. ఇంకా తోశాను. అడుగు నుంచి కరెంటు రొద తప్ప మరేమీ లేవలేదు. నాలుగుసార్లు వేశాను. నాలుగోసారికి వదిన వచ్చి, నీకు పుణ్యముంటుంది ఆపు, ఆయన ముసుగు తన్ని పడుకున్నాడని చెప్పింది.

ఉగాదికి సంచిక చివరి ఫారం అచ్చుకెక్కుతుంది. శాస్త్రి ముప్పై ఒకటిన వస్తానన్నాడు. ఎనభై నాలుగేళ్ళ ముసలి, నా మెట్లెక్కి వచ్చి, కూర్చుని, విని, 'ఏదయ్యా ఎడమ చెయ్యి' అంటాడు. అన్నయ్య పక్క గదిలోంచి అది వింటాడు. నా చేత్తో నేను ఆయనకు రెండోసారి ఆ మాట వినిపించినట్టవుతుంది.

వినబడకపోతే ఏం చేస్తావని జనవరిలోనే అడిగావు. అప్పుడు నేను పట్టించుకోలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, నీకు ముందే తెలుసా? నేను చెవులారా విన్న ఎడమ చెయ్యి ఆ టేపు మీద ఎందుకు లేదు? తెలిసింది రాయి. ఎక్స్‌ప్రెస్ డెలివరీలో రాయి.

గురునాథం


మద్రాసు
27 మార్చి 1984

బావా,

తెలుసు.

ఆ రోజు కచేరీ మొదలైన పావుగంటకు స్పీకర్లలో కరెంటు రొద మొదలైంది. పందిరి వైర్లు తడిసి ఉన్నాయి. భరించలేని రొద. దాన్ని చంపడానికి ఆంప్లిఫయరులో అడుగు స్వరాల మీటను పూర్తిగా తగ్గించడం జరిగింది. రొద పోయింది. దానితోపాటు మృదంగం ఎడమ చెయ్యి కూడా పోయింది. ముందు వరసల వాళ్ళకు మృదంగం నేరుగా వినబడింది, వాళ్ళకేమీ తెలియలేదు. వెనక కూర్చున్నవాళ్ళకు స్పీకర్లు చెప్పిందే వేదం. టేపు రికార్డరుకు ఆ తరవాతే, తీగ ఆంప్లిఫయరు నుంచే ఇచ్చాను, అందుకే టేపులోనూ లేదు. పెట్టనిది పెంచితే రాదు.

సెట్టు నాది. దాని దగ్గర నిలబడ్డ మనిషిని నేను. కాబట్టి తప్పు నాది. సమీక్ష వచ్చిన రోజే వచ్చి చెప్పాల్సింది. చెప్పలేదు. ఏడాది గడిచింది, తరవాత పదేళ్ళు గడిచాయి. తరవాత చెప్పడానికి సిగ్గేసింది.

అన్నయ్యకు ఈ మాట చెప్పు. నీ చెయ్యి పలికింది, జలీల్ సెట్టే దాన్ని మింగేసింది అని చెప్పు. ఆయనకు అది చాలు. శాస్త్రిగారికి కూడా ఇంట్లో కూర్చోబెట్టి చెప్పు, పెద్దమనిషి, వింటాడు. అచ్చులోకి మాత్రం వద్దు బావా. హాలు పని ఇంకా కాగితం మీదకు రాలేదు. మైకు సెట్టు పాడుచేశాడన్న మాట ఆ ఊళ్ళో ఒకసారి పుట్టిందంటే నన్నెవరూ గడప తొక్కనివ్వరు. నాకు అరవై రెండు. తిరిగి రావడానికి ఇంకో దారి లేదు.

జలీల్


విశాఖపట్నం
30 మార్చి 1984

జలీల్ గారికి,

ఇరవై మూడేళ్ళు నన్ను బావా అన్నావు, నా ఇంట్లో టీ తాగావు. అన్నయ్య మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుని పరామర్శించావు. పెట్టెలు కట్టి పంపావు, నన్ను నేల మీద పాకించావు, అల పొడవులు బోధించావు. ఇదంతా తెలిసి.

నీ ఉత్తరం తీసుకెళ్ళి సభ కార్యదర్శి చేతికిచ్చాను. నీ చేతిరాత కంటే రుజువేముంది? శాస్త్రి మెట్లెక్కే పని తప్పింది. ఆయన సమీక్ష తీసేశారు. ఆ జాగాలో నేను రాసిచ్చిన నాలుగు వాక్యాలు అచ్చవుతాయి: "1961 నాటి కచేరీలో శ్రీ శ్రీరామ్మూర్తిగారి ఎడమ చెయ్యి వినరాలేదన్న విమర్శకు కారణం విద్వాంసుడు కాదు. మైకు సెట్టు నిర్వహించిన జలీల్ అనే వ్యక్తి అజాగ్రత్త. ఈ సంగతి అతడే ఒప్పుకున్నాడు. సభ చింతిస్తోంది."

హాలు సంగతి గురించి నాకు రాయకు. అన్నయ్యకు సభలు పోయినప్పుడు ఆయనకు నలభై తొమ్మిది.

గురునాథరావు


మద్రాసు
14 ఏప్రిల్ 1984
(కార్డు)

గురునాథరావు గారికి,

సభవారి ఉత్తరం వచ్చింది. హాలు పని బొంబాయి కంపెనీకి ఇచ్చారట. నవమి సంచిక కూడా ఒకటి పంపారు. అచ్చు బాగుంది. శ్రీరామ్మూర్తిగారికి నా సలాములు చెప్పండి.

జలీల్


విశాఖపట్నం
29 ఏప్రిల్ 1984

బావా,

నన్ను 'గారు' అన్నావు. సరే. ఇది చించేముందు చివరిదాకా చదువు.

నవమి నాడు సభ నుంచి సంచిక తెచ్చాను. మెట్లు పరిగెత్తి ఎక్కాను, ఈ మోకాళ్ళతో. అన్నయ్యను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి ఆ నాలుగు వాక్యాలూ చదివాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడనుకున్నాను. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. అటే చూస్తూ అడిగాడు.

"జలీలేటి సేసినాడ్రా? ఆడు ఆ మీట ముట్టుకోనేదు. నువ్వు తిప్పినావు."

నేను కాదన్నాను.

"నాను పైనుంచి సూసినాను. రొద వస్తంటే నువ్వు ఒచ్చి ఆడి సెయ్యి తోసేసి తిప్పినావు. మళ్ళీ ముట్టుకోవద్దని ఆడి మీద అరిసినావు. రొద పోయింది. నాను మంచి పని సేసినావనుకున్నాను."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. దగ్గు తెర వచ్చి వెళ్ళేదాకా ఆగి అన్నాడు: "సెప్తే ఇంకెవల్ని తిట్టుకుని బతుకుతావురా?"

బావా, నాకు గుర్తు లేదు. ప్రమాణం చేస్తున్నాను, ఇప్పటికీ గుర్తు రావడం లేదు. కానీ అన్నయ్య అబద్ధమాడడు. ఇంకొకటి కూడా ఉంది. నేను పక్కనుండగా మరొకడు మీట తిప్పడం నేను ఎన్నడైనా సహించానా? నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. 'తగ్గించడం జరిగింది' అని రాశావు. సెట్టు నాది, నిలబడ్డది నేను, తప్పు నాది అని రాశావు. తిప్పాను అని ఒక్కచోట కూడా రాయలేదు. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, నాలుగు పేరాల ఉత్తరం చదవలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే కార్యదర్శి ఇంటికి వెళ్ళాను. మీట తిప్పింది నేనని చెప్పి, హాలు పని నీకే ఇవ్వమని కాళ్ళు పట్టుకున్నాను. కమిటీ తీర్మానమైపోయింది, ఒకసారి మాట పడ్డ మనిషిని పెడితే సభ్యులు ఊరుకోరు అన్నాడు. శాస్త్రి ఒక్క వాక్యంతో అన్నయ్యకు చేసింది, నేను నాలుగు వాక్యాలతో నీకు చేశాను.

అయిదు వందల ప్రతులు అచ్చయ్యాయి. సభలో మిగిలినవి రెండు వందల డెబ్భై మూడు. అవి అడిగి తెచ్చి, కలంతో ప్రతి ఒక్కదాంట్లో నీ పేరు కొట్టేసి, పైన నా పేరు రాశాను. చివరి రెండు వాక్యాలు కూడా కొట్టేశాను. మొదటి రోజు సిరా ఆరకుండా దొంతర పెట్టి నలభై పాడుచేశాను. తరవాత వదిన ఒక్కొక్కటీ తీసి తీగ మీద ఆరేసింది. ఆవిడ ఏమీ అనకపోవడం ఇదే మొదలు.

మిగతావి నవమి నాడే ఊళ్ళోకి పోయాయి. సభ్యుల జాబితా తీసుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ముందుగా శాస్త్రి ఇంటికి వెళ్ళాను. సంచిక అడిగి తీసుకుని, ఆయన ముందే పేరు దిద్దాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. "మరి నేను రాసిందో?" అన్నాడు.

"మీరు వెనక గుంజ దగ్గర కూర్చున్నారు. అక్కడ వినబడిందే రాశారు," అన్నాను. ఆ మాట నోట్లోంచి ఊడి పడేసరికి నా పళ్ళు కదిలినంత పనైంది.

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "చెయ్యి వినబడలేదన్నది గుంజ దగ్గర కూర్చున్నందువల్ల. పొలం మాట ఎక్కడ కూర్చున్నా రాసి ఉండేవాణ్ణి. అది మైకు చెయ్యలేదు," అన్నాడు.

ఇరవై మూడేళ్ళు ఈ ఒక్క మాట కోసం కాచుకున్నాను బావా. అది విన్న తరవాత ఏం చెయ్యాలో ముందుగా ఎన్నిసార్లు అనుకున్నానో. ఏమీ చెయ్యలేదు. చెప్పులు తొడుక్కుని పక్కింటికి వెళ్ళాను, వాళ్ళూ సభ్యులే.

ఇప్పటికి ఎనభై ఆరు ఇళ్ళయ్యాయి. కొందరు లోపలికి రానివ్వరు. కొందరు సంచిక పాత కాగితాల వాడికి వేసేశామంటారు. అది ఏ కొట్లో పొట్లమైందో, ఎవరు చదివారో చెప్పలేను. సమ్మె ముగిసి బెల్టు మళ్ళీ తిరుగుతోంది. గదిలో గ్రాఫు కాగితాలు తీసేశాను. పెట్టెలు మూల ఉన్నాయి, వెయ్యడం లేదు. అన్నయ్య రోజూ పొద్దున్న ఒకటే అడుగుతాడు, "ఇయ్యాల ఏ ఈదికెల్తావు?" అని. చెప్తాను. మాట తియ్యడానికే ఆయాసపడుతున్నాడు, అయినా అడుగుతాడు.

నీ దగ్గరున్న ప్రతిని నువ్వు దిద్దకు. అది నేనే వచ్చి, నీ ఎదుట, మదీనా ఎదుట దిద్దాలి. తలుపు తియ్యకపోతే మెట్ల మీద కూర్చుంటాను. ఇప్పుడు రాలేను, అన్నయ్యను వదిలి కదలడానికి లేదు. ఆయన వెళ్ళాక వస్తాను. ఎక్కువ రోజులు పట్టదని డాక్టరు చెప్పాడు.

గురునాథం